ఏరు అంటే నీళ్లే

అక్క: నమస్కారం. ఈ రోజు విషయం, తరగతిలో పిల్లలందరికీ అందేలా పీరియడ్ ప్లాన్ రాసుకోవడం.

తమ్ముడు: నేను బోర్డు గురించి మాట్లాడతా అక్కా.

అక్క: అది తర్వాత. ముందు వైకల్యం ఉన్నవాళ్ల హక్కుల చట్టం సంగతి. 1995 చట్టంలో వైకల్యాలు 7 రకాలే, 2016 చట్టంలో 21. చదవడం, రాయడంలో వచ్చే ఇబ్బందులూ చేరాయి. అయినా ప్లాన్‌లో మాత్రం అలాంటి పిల్లల కోసం చివర ఒక్క ముక్క, 'అదనపు సాధన ఇస్తాను' అని రాసి వదిలేస్తాం.

తమ్ముడు: చివర రాయడమే తప్పు. పాఠమంతా అయ్యాక వాళ్లు గుర్తొస్తున్నారు.

అక్క: అదే! ఇంటి భాష వేరైన పిల్లల సంగతీ అంతే. నేను భద్రాచలం వైపు పనిచేసినప్పుడు, రెండో తరగతికి నీళ్ల పాఠం. చెంబు పైకెత్తి ఇందులో ఏముందిరా అన్నాను. కోయ పిల్లాడొకడు టక్కున "ఏరు" అన్నాడు. కాదు నాన్నా, ఏరు ఊరి బయట ఉంటుంది, ఇవి నీళ్లు అన్నాను. ఎత్తిన చెయ్యి దించేశాడు, ఆ వారమంతా మళ్లీ ఎత్తలేదు.

తమ్ముడు: కోయలో ఏరంటే నీళ్లే కదక్కా!

అక్క: బడిలో వంట చేసే ఆమె చెప్పేదాకా నాకు తెలీదు. వాడు సరైన జవాబే చెప్పాడు తమ్ముడూ.

తమ్ముడు: ఒక్కటి అడగనా? ఒకే గదిలో రెండు తరగతులు, కోయ పిల్లలు, లంబాడీ పిల్లలు. టీచరుకు అన్ని భాషలూ ఎక్కడొస్తాయి?

అక్క: రావాలనట్లేదు. ముందు రోజు పాఠంలోని పది మాటలు పిల్లల్నే అడిగి రాసుకోవచ్చు. కష్టమేం కాదది, చెయ్యకపోవడానికి సాకులు వెతకొద్దు.

తమ్ముడు: సాకు కాదక్కా, నలభై ఐదు నిమిషాల్లో...

అక్క: చెంబు ఎత్తడానికి అర నిమిషం పట్టింది నాకు. వాడి నోరు మూయించడానికీ అంతే పట్టింది. ఆ తర్వాత నీళ్లు, కోయ పిల్లల ఏరు, లంబాడీ పిల్లల పాణి, మూడూ బోర్డు మీద పక్కపక్కనే రాశాను.

తమ్ముడు: బోర్డు మీద ఎటువైపు?

అక్క: ఏంటి?

తమ్ముడు: కిటికీ వైపా? మా బడిలో ఒక పాప ఎప్పుడూ పక్కమ్మాయి నోట్‌బుక్‌లో చూసే రాసేది. కాపీ కొడుతోందని కోప్పడ్డాను. ఒకరోజు తన చోట కూర్చుని చూస్తే, ఎండ పడి బోర్డు సగం తెల్లగా మెరిసిపోతోంది, ఒక్క అక్షరం కనబడలేదు నాకే. తనకు చూపు కూడా తక్కువని తర్వాత కంటి పరీక్షలో తెలిసింది.

అక్క: ఎన్నాళ్లు కోప్పడ్డావ్?

తమ్ముడు: ...దసరా సెలవులదాకా.

అక్క: ఇప్పుడు?

తమ్ముడు: బోర్డు పక్క గోడకు మార్పించాను, పాప ముందు వరసలో కూర్చుంటోంది. అయినా అప్పుడప్పుడు పక్కకే చూస్తుంది, అలవాటు పోలేదు.

అక్క: పోతుందిలే. మరి ప్లాన్ ఎలా రాయాలో...

తమ్ముడు: అక్కా, బస్సొచ్చేసింది, ఇది పోతే మళ్లీ ఏడింటికే. ఉంటా.