ఫోన్-ఇన్ కార్యక్రమం: న్యాయ విద్యార్థులకు పరిశోధన, బోధన, ఇంటర్న్‌షిప్ అవకాశాలు

నిర్వాహకుడు: నమస్కారం. న్యాయశాస్త్రం చదువుతున్న రోజుల్లోనే అందుకోగల అవకాశాల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. చాలా ఏళ్లుగా న్యాయ విద్యార్థులకు పాఠాలు చెబుతున్న మేడమ్ మనతో ఉన్నారు. అప్పుడే ఫోను మోగుతోంది. చెప్పండి.

శ్రోత (రెండో సంవత్సరం విద్యార్థిని): నమస్కారం మేడమ్. ఇంటర్న్‌షిప్ కోసం నలభై మందికి ఈమెయిల్ పంపాను. ఒక్కరూ జవాబివ్వలేదు. నాకు గొప్ప మార్కులు లేవు, తెలిసినవాళ్లూ లేరు. అందుకేనా?

మేడమ్: ఆ ఉత్తరం దగ్గరుందా? మొదటి రెండు వాక్యాలు చదువమ్మా.

శ్రోత: "గౌరవనీయులైన సర్ లేదా మేడమ్, న్యాయశాస్త్రంలోని అన్ని విభాగాల పట్ల నాకు అమితమైన ఆసక్తి ఉంది. మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో పనిచేసే అవకాశం కల్పించవలసిందిగా కోరుతున్నాను."

మేడమ్: నలభై మందికీ ఇదేనా?

శ్రోత: అవును మేడమ్.

మేడమ్: అయితే మార్కులను తప్పుపట్టకు. చదివేవారు నీ మార్కుల దాకా వచ్చి ఉండరు. "సర్ లేదా మేడమ్" అనగానే ఇది తమ కోసం రాసింది కాదని వాళ్లకు తెలిసిపోతుంది. అన్ని విభాగాలూ ఇష్టమంటే ఏ ఒక్కదానిలోనూ ఇంకా లోతుగా దిగలేదనే అర్థం చేసుకుంటారు. సరే, ఇంతవరకు చదివినవాటిలో నిన్ను నిద్రపోనివ్వనిది ఏది?

శ్రోత: అద్దె ఇళ్లు ఖాళీ చేయించే కేసులు మేడమ్. నోటీసు సరిగ్గా ఇవ్వకుండానే సామాను బయట పెట్టించేస్తారు. ఆ తర్వాత కోర్టులో గెలిచినా ఆ కుటుంబం అప్పటికే ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది.

మేడమ్: ఇప్పుడు నీ గొంతే మారింది. ఇదే ఉత్తరంలోకి రావాలి. అద్దెదారుల తరఫున వాదించే న్యాయవాదులను ఐదుగురిని వెతుకు. ఒక్కొక్కరూ వాదించిన ఒక్కో తీర్పు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువు. హెడ్‌నోట్ దగ్గర ఆగిపోవద్దు, అది సారాంశమే గాని తీర్పు కాదు. ఆ తీర్పులో నీకు తట్టిన ప్రశ్నతో ఉత్తరం మొదలుపెట్టు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రాగలవో రాయి. ఆ ప్రశ్న మీద రెండు పేజీల నోటు జతచెయ్యి. ఇందాక పంపిన నలభై ఉత్తరాలకన్నా ఈ ఐదింటికే ఎక్కువ సమయం పడుతుంది, పట్టనీ.

నిర్వాహకుడు: ఒక తల్లిగారు లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత (విద్యార్థి తల్లి): మా అబ్బాయి కిందటి సెలవుల్లో నెల రోజులు ఒక న్యాయవాది కార్యాలయానికి వెళ్లాడు. జిరాక్సులు తీయించడం తప్ప ఏమీ నేర్పలేదట. ఈసారి ఇంకోచోట ఇంటర్న్‌షిప్‌కు, సర్టిఫికెట్‌కు కలిపి రుసుము కట్టమంటున్నారు. కట్టమంటారా?

మేడమ్: కట్టకండి. మీ అబ్బాయి శ్రమ వాళ్లకు ఇస్తూ, పైన డబ్బూ ఇవ్వడమేమిటి? కొన్నాళ్లకు ఆ కాగితాన్ని ఎవరైనా చూసి "ఏం పని చేశావు" అని అడిగితే చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. జీతం ఇవ్వని ఇంటర్న్‌షిప్ సంగతి వేరు. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో కూడా ఒకటి నుంచి మూడు నెలల ఇంటర్న్‌షిప్‌కు జీతం ఉండదు. నన్నడిగితే ఈ పద్ధతి మంచిది కాదు. ఇంటి నుంచి ఖర్చు పెట్టుకోగలిగినవారే అక్కడిదాకా వెళ్లగలుగుతారు. అమెరికా సుప్రీం కోర్టులో హోరేస్ గ్రే అనే న్యాయమూర్తి 1882లో, లా చదివిన కుర్రవాడిని సహాయకుడిగా పెట్టుకుని తన జేబులోంచే జీతమిచ్చారు. న్యాయమూర్తుల దగ్గర లా క్లర్కులు ఉండే ఆనవాయితీ అక్కడ అలా మొదలైంది. మొదలైందే జీతంతో!

శ్రోత: మరి జిరాక్సుల సంగతి?

మేడమ్: అబ్బాయికి ఒక ఉపాయం చెప్పండి. జిరాక్సు తీసే ఫైలునే, అనుమతి అడిగి, అక్కడే కూర్చుని చదవమనండి. ఒక కాగితం మీద మూడు గడులు గీయాలి. మొదటి గడిలో తేదీ, రెండో గడిలో ఏం జరిగింది, మూడో గడిలో అది ఫైలులో ఏ పేజీలో ఉంది. ఒప్పందం రాసుకున్న రోజు, నోటీసు పంపిన రోజు, అది చేరిన రోజు, దావా వేసిన రోజు, ఇలా వరుసగా. ఈ తేదీల పట్టిక ప్రతి న్యాయవాదికీ కావాలి, తీరిగ్గా చేసేవాళ్లే ఉండరు. నోటీసు చేరిన తేదీ ఒక కాగితంలో ఒకలాగా, ఇంకో కాగితంలో మరోలాగా ఉందని మీవాడు పట్టుకున్నాడనుకోండి, మర్నాటి నుంచి జిరాక్సుకు ఇంకొకరిని పంపుతారు. ఒక్క మాట, ఆ ఫైలులోని విషయం స్నేహితులతో కూడా చెప్పకూడదు, ఫోనులో ఫొటో తీయకూడదు. ఇది గట్టిగా చెప్పండి.

నిర్వాహకుడు: తర్వాతి శ్రోత.

శ్రోత (నాలుగో సంవత్సరం విద్యార్థి): మేడమ్, మా ప్రొఫెసర్‌గారు పరిశోధన సహాయకుడిగా తీసుకున్నారు. ఒక అంశంపై తీర్పులన్నీ పోగు చేయమన్నారు. కృత్రిమ మేధ సాయం తీసుకోవచ్చా?

మేడమ్: ముందు ఆయనను అడుగు బాబూ. ఆయన సరేనన్నా, అది చెప్పిన ఏ తీర్పునూ స్వయంగా తెరిచి చూడకుండా జాబితాలో చేర్చకు. 2023లో న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టులో మాటా వర్సెస్ అవియాంకా అనే కేసు నడిచింది. ఒక పక్షం న్యాయవాదులు ఉదహరించిన తీర్పులు ఎదుటివారు ఎంత వెతికినా దొరకలేదు. దొరకవు, చాట్‌జీపీటీ కల్పించినవి కదా. కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది. వాళ్లు అనుభవం ఉన్న న్యాయవాదులే. వరల్డ్‌లీ (WorldLII) లాంటి ఉచిత ఆన్‌లైన్ భాండాగారాలు ఉన్నాయి, అక్కడ తీర్పు మూలపాఠమే చూడవచ్చు.

ఒక పట్టిక పెట్టుకో. తీర్పు పేరు, నువ్వు చదివిన తేదీ, మన అంశానికి పనికొచ్చే పేరా సంఖ్య, ఆ తీర్పును తర్వాతి కోర్టు ఏదైనా తోసిపుచ్చిందా అన్నది. ఈ చివరి గడిని అందరూ ఖాళీగా వదిలేస్తారు. చెల్లని తీర్పు మీద కట్టిన వ్యాసం నిలబడదు. పేరు సంగతి కూడా మొదటి రోజే మర్యాదగా అడుగు: వ్యాసంలో కృతజ్ఞత చెబుతారా, సహరచయితగా వేస్తారా అని. మొదట అడగడంలో మొహమాటం కొంచెమే, చివర్లో అడిగితే మనసులు విరుగుతాయి.

నిర్వాహకుడు: మరో శ్రోత.

శ్రోత (మూడో సంవత్సరం విద్యార్థిని): నాకు పాఠాలు చెప్పాలని ఉంది మేడమ్. డిగ్రీ పూర్తయ్యేదాకా ఆగాల్సిందేనా?

మేడమ్: ఆగనక్కరలేదు! ఇలాంటి ప్రశ్న వస్తే నాకు పండగే. 1972లో వాషింగ్టన్‌లో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ లా విద్యార్థులు ఉన్నత పాఠశాలలకు వెళ్లి మామూలు మనిషికి అవసరమైన చట్టం చెప్పడం మొదలుపెట్టారు. స్ట్రీట్ లా అన్న ఆ పద్ధతి తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. నీ కళాశాలలో న్యాయ సహాయ కేంద్రం ఉంటే అక్కడ అడుగు. లేకపోతే ఒక బడి, ఒక తరగతి, ఒక గంట చాలు.

శ్రోత: పిల్లలకు సెక్షన్లు ఎలా చెప్పాలి?

మేడమ్: సెక్షన్లతో వెళ్లకు. బోర్డు మీద ఒక్క వాక్యం రాయి: "పార్కులోకి వాహనాలు రాకూడదు." హార్ట్ అనే న్యాయతత్త్వవేత్త 1958లో వాడిన ఉదాహరణ ఇది. కారు రాకూడదు, ఒప్పుకుంటారు. సైకిలో? పసిపిల్ల బొమ్మ కారో? ఇక తరగతి మన చేతిలో ఉండదు, వాళ్లే వాదించుకుంటారు. అప్పుడు హార్ట్‌తో వాదించిన మరో న్యాయతత్త్వవేత్త ఫుల్లర్ అడిగిన ప్రశ్న వెయ్యి: యుద్ధంలో వాడిన ట్రక్కును స్మారకంగా పార్కులో నిలబెడితే? నియమంలోని మాట చూడాలా, ఆ నియమం ఎందుకు పెట్టారో చూడాలా అని నువ్వు అడగకుండానే ఎవరో ఒక పిల్ల లేచి అడుగుతుంది. తలపండిన న్యాయమూర్తులు కూడా దాన్ని పూర్తిగా తేల్చలేదు, ఆ సంగతీ దాచకుండా పిల్లలకు చెప్పు.

నిర్వాహకుడు: సందేశంలో ఒక ప్రశ్న వచ్చింది మేడమ్. అంతర్జాతీయ న్యాయస్థానంలో ఫెలోషిప్‌కు ఎలా దరఖాస్తు చేయాలని.

మేడమ్: న్యాయమూర్తి దగ్గర సుమారు పది నెలలు పనిచేసే జుడీషియల్ ఫెలోషిప్‌కు విద్యార్థి నేరుగా రాయడం కుదరదు. విశ్వవిద్యాలయం ప్రతిపాదించాలి, ఖర్చూ అదే భరించాలి. వర్ధమాన దేశాల విశ్వవిద్యాలయాల అభ్యర్థుల కోసం 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఒక నిధి ఏర్పాటు చేసింది. చాలా కళాశాలల్లో ఈ విషయమే తెలియదు. మీ డీన్‌గారి గది తలుపు తట్టి చెప్పండి. ఈలోగా ఐక్యరాజ్యసమితి ఆడియోవిజువల్ గ్రంథాలయంలో అంతర్జాతీయ న్యాయంపై ఉపన్యాసాలు ఉచితంగా వినవచ్చు.

నిర్వాహకుడు: మొదట మాట్లాడిన అమ్మాయి మళ్లీ లైన్లోకి వచ్చారు. రెండు నిమిషాలే ఉంది, చెప్పండి.

శ్రోత: మేడమ్, ఉత్తరం మార్చి రాశాను. "మీరు వాదించిన కేసులో నోటీసు తలుపుకు అంటించి వెళ్లడం చాలదని కోర్టు అన్నది. ఆ ఇంట్లో చదవడం వచ్చినవారు ఎవరూ లేకపోతే, చేతికిచ్చినా అది నోటీసేనా అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు."

మేడమ్: ఆ ప్రశ్న చాలా బాగుంది. తీర్పు ఏకగ్రీవమా?

శ్రోత: కాదు మేడమ్, ఒక న్యాయమూర్తి విభేదించారు.

మేడమ్: ఆయన ఏమన్నారు?

శ్రోత: అది... ఇంకా చదవలేదు మేడమ్.

మేడమ్: నీ ప్రశ్నను ఆయన అప్పుడే అడిగి ఉండవచ్చు, జవాబు కూడా రాసి ఉండవచ్చు. ఈ రాత్రి అది చదివి, రేపు ఉదయం పంపమ్మా.