కప్పు వేయడానికి ఊరంతా కావాలి

అందరికీ నమస్కారం.

ఫిలిప్పీన్స్ అనగానే మనకు మనీలా గుర్తొస్తుంది, లేదంటే మెడిసిన్ చదవడానికి వెళ్లిన మన పిల్లలు. నేను మాట్లాడబోయేది ఆ దేశానికి ఉత్తరాన చిట్టచివర, తైవాన్ వైపు ఉన్న బతానెస్ దీవుల గురించి. ఆ ప్రావిన్సు మొత్తం జనాభా 2020 లెక్కల్లో 18,831. ఇంత కొద్దిమందికి ఆరు మునిసిపాలిటీలు. అక్కడ మునిసిపాలిటీ అంటే పట్టణమే కానక్కర్లేదు, నాలుగు పల్లెలు కలిసిన మన మండలం లాంటిది. వాటిలో సబ్తాంగ్ ఒకటి. ఒక దీవి, ఆరు పల్లెలు, రెండు వేల లోపు జనం.

అక్కడికి బతాన్ దీవిలోని ఇవానా రేవు నుంచి ఫలోవా అనే పడవలో వెళ్లాలి. ఫిలిప్పీన్స్ పడవలకు మామూలుగా రెండు పక్కలా వెదురు రెక్కలుంటాయి. ఫలోవాకు ఉండవు. ఆ అలలకు రెక్కలు విరిగిపోతాయి, అందుకే అడుగు గుండ్రంగా చేసి, అలతో పాటు ఊగేలా కడతారు. గాలితో, నీటితో ఎంత కాపురం చేస్తే ఈ తెలివి వస్తుందో ఆలోచించండి.

ఇళ్లూ అంతే. ఈ దీవుల్లో ఉండే ఇవతాన్ జనం రాయి, సున్నంతో మీటరు దాకా మందం గోడలు కడతారు. గాలి బలంగా కొట్టే వైపు గోడకు కిటికీ పెట్టరు. పైన కోగోన్ గడ్డి, పొర మీద పొర. తుఫాను వస్తుందంటే కప్పు మీద తాళ్ల వల పరిచి బిగించి కడతారు. మన పూరింటి కప్పు రెండు మూడేళ్లకే మార్చాలి. వాళ్ల కప్పు బాగా వేస్తే పాతికేళ్లు ఉంటుందంటారు.

సబ్తాంగ్‌లోని చవాయన్ పల్లెలో ఆడవాళ్లు వకుల్ అల్లుతారు. తల మీద పెట్టుకుంటే వీపంతా కప్పేస్తుంది, దూరం నుంచి చూస్తే జుట్టు విరబోసుకున్నట్టే ఉంటుంది. వొయావొయ్ అనే చెట్టు ఆకును సన్నటి పీలికలుగా చీల్చి చేస్తారు. అది ఈత జాతి చెట్టే. మన కొండల్లో దొరికే చిట్టీతకు దగ్గర చుట్టం. ఎండకీ వానకీ అదే గొడుగు, పైగా రెండు చేతులూ పనికి ఖాళీ. ఈ సంగతి చదివిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మనం చీపుర్లు కట్టుకునే ఆకుతో వాళ్లు వానను ఆపుతున్నారు!

ఈ జనం పడ్డ కష్టం తక్కువేం కాదు. 1791లో స్పెయిన్ వాళ్లకు ఎదురు తిరిగిన సబ్తాంగ్ నాయకుడు అమన్ దంగత్‌ను ఉరి తీశారు. ఊళ్లు ఖాళీ చేయించి జనాన్ని ఇవానాకు తోలారు. కొన్ని దశాబ్దాలకు గానీ వాళ్లు మళ్లీ సొంత దీవికి చేరలేదు.

రాతి ఇల్లు గొప్పదని చెప్పి ఊరుకుంటే అది సగం నిజమే. 2019 జూలై 27 తెల్లవారుజామున పక్క దీవి ఇత్బాయత్‌లో భూకంపం వచ్చింది. గాలికి లొంగని ఆ గోడలే నిద్రపోతున్న మనుషుల మీద కూలాయి. తొమ్మిది మంది పోయారు. 2021 సెప్టెంబరులో వచ్చిన కికో తుఫానుకు రాతి ఇళ్లు కూడా దెబ్బతిన్నాయి. కాబట్టి అక్కడివాళ్లు సిమెంటు, రేకుల ఇల్లు కట్టుకుంటామంటే తప్పు పట్టే హక్కు మనకు లేదు. ఫొటోలు తీసుకుని వెళ్లిపోయేవాళ్లకు అసలే లేదు.

నా బాధ వేరే ఉంది. రేకు వేయడానికి ఇద్దరు మేస్త్రీలు చాలు. గడ్డి కప్పుకు ఊరంతా కావాలి. గడ్డి కోసేవాళ్లు, మోసేవాళ్లు, కింద నుంచి మోపులు అందించేవాళ్లు, పైన కూర్చుని కట్టేవాళ్లు. ఇలా ఊరంతా కలిసి చేసే పనిని వాళ్లు యారు అంటారు. మన దగ్గర బదులుకు వెళ్లడం ఉండేది కదా, కొంచెం అలాంటిదే. కూలి డబ్బులుండవు. ఇవాళ నీ ఇల్లు, రేపు నా ఇల్లు. కప్పు మారితే ఇల్లు గట్టిపడొచ్చు. కానీ పక్కింటాయన నిచ్చెనెక్కి మన ఇంటి మీదకు రావలసిన పని ఇక ఏముంటుంది?

కప్పు పని జరిగిన రోజు ఇంటివాళ్లే అందరికీ భోజనం పెడతారు. ఆ దీవుల్లో విందంటే పసుపు వేసి వండిన అన్నం, చేప, పంది మాంసం, చేమగడ్డలు. కంచాలక్కర్లేదు. సీమపనస జాతి చెట్టు ఆకులు కోసుకొచ్చి, మన విస్తళ్లలాగే, వాటిలో వడ్డిస్తారు.