వెండి చెంచా చెప్పే ఎకనామిక్స్: వెబ్లెన్ పుస్తకం రివ్యూ

అందరికీ నమస్కారం. ఈ వారం పుస్తకం 1899 నాటిది. పేరు ‘ది థియరీ ఆఫ్ ది లీజర్ క్లాస్’, అంటే పని చెయ్యక్కర్లేని డబ్బున్న వర్గం గురించిన సిద్ధాంతం. రాసింది థార్‌స్టైన్ వెబ్లెన్ అనే అమెరికన్ ఎకనామిస్ట్. ఎకనామిక్స్ అనగానే భయపడకండి, ఇందులో గ్రాఫులు, ఫార్ములాలు ఏమీ లేవు. కుక్కలు, పిల్లులు, చేతికర్రలు, నడుము బిగించే కోర్సెట్లు, పచ్చిక మీద మేసే ఆవులు ఉన్నాయి.

ముందు అప్పటి అమెరికా ఎలా ఉందో చూడాలి. 1893లో పెద్ద ఆర్థిక సంక్షోభం వచ్చింది. బ్యాంకులు మూతపడ్డాయి, జనం పనుల్లేక రోడ్డున పడ్డారు. సరిగ్గా ఆ రోజుల్లోనే న్యూపోర్ట్ అనే సముద్రతీర పట్నంలో, రైళ్ళ వ్యాపారంలో కోట్లు గడించిన వాండర్‌బిల్ట్ కుటుంబం డెబ్బై గదుల ‘ది బ్రేకర్స్’ భవంతి కట్టించుకుంది. అదీ వేసవిలో ఉండటానికి. అలాంటి ఇళ్ళను వాళ్ళు ‘కాటేజ్’ అనేవాళ్ళు! 1897లో న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ హోటల్లో బ్రాడ్లీ మార్టిన్ దంపతులు ఒక పార్టీ ఇచ్చారు. అతిథులు పాతకాలపు రాజుల్లా, రాణుల్లా వేషాలు వేసుకుని వచ్చారు. ఊరంతా దుమ్మెత్తిపోసింది. చివరికి ఆ దంపతులు ఇంగ్లండ్‌కి మకాం మార్చేశారు.

వెబ్లెన్ పుట్టింది 1857లో, నార్వే నుంచి వలస వచ్చిన రైతు ఇంట్లో. 1884లో యేల్ యూనివర్సిటీలో డాక్టరేట్ తీసుకున్నా ఉద్యోగం దొరకలేదు. ఏళ్ళ తరబడి ఇంటిపట్టునే ఉండి చదువుకున్నాడు. తర్వాత చికాగో యూనివర్సిటీలో చేరాడు, ఈ పుస్తకం అక్కడే రాశాడు. ఆ యూనివర్సిటీ నిలబడిందేమో ఆయిల్ కుబేరుడు రాక్‌ఫెల్లర్ డబ్బుతో! కానీ వెబ్లెన్ ఎవరినీ పేరు పెట్టి తిట్టడు. ఏదో మారుమూల దీవిలోని తెగ ఆచారాలు వివరిస్తున్నట్టు, ముఖంలో నవ్వు కనపడనీయకుండా రాసుకుపోతాడు. నాకైతే ఆ గొంతే ఈ పుస్తకానికి ప్రాణం.

ఇప్పుడు అసలు విషయం. పని చెయ్యక్కర్లేదని చూపించుకోవడం పాత గొప్ప, డబ్బు వృథా చెయ్యగలనని చూపించుకోవడం కొత్త గొప్ప అంటాడు. ఈ రెండోదానికే ‘కాన్‌స్పిక్యువస్ కన్సంప్షన్’ అని పేరు పెట్టాడు. చేతికర్ర ఎందుకంటారు? ఈ చేతులకు వేరే పని లేదని నలుగురికీ తెలియడానికి. పిల్లి కంటే కుక్కకు విలువెందుకు? పిల్లి ఎలకల్ని పడుతుంది, అంటే ఎంతో కొంత పనికొస్తుంది, అందుకే దాని హోదా తక్కువట. ఆ పేరాలు చదువుతూ నేను పైకే నవ్వేశాను.

ఆరో అధ్యాయంలో ఒక చెంచా కథ ఉంది. చేత్తో చేసిన వెండి చెంచా ధర పది నుంచి ఇరవై డాలర్లు. మిషన్‌లో చేసిన అల్యూమినియం చెంచా పది, ఇరవై సెంట్లు. సూప్ తాగడానికి రెండూ ఒకటే. ‘వెండిది అందంగా ఉంటుంది కదా’ అని మీరంటారని ఆయనకు ముందే తెలుసు. సరే, ఆ అందమైన చెంచా నకిలీదని, నిపుణుడు దగ్గరగా చూస్తే తప్ప తెలియదని అనుకుందాం. నిజం బయటపడ్డ మరుక్షణం దాని విలువ, చూసి మురిసిపోయిన ఆనందంతో సహా, ఎనభై తొంభై శాతం పడిపోతుంది అంటాడు. గీత మారలేదు, మెరుపు మారలేదు. మరి ఏది పడిపోయింది? మన పెళ్ళిళ్ళలో చూడండి, ‘హారం ఎంత బాగుందో’ అని చేత్తో పట్టుకుని చూసిన ఆవిడే, ‘వన్ గ్రామ్ గోల్డండీ’ అనగానే మెల్లగా వదిలేస్తుంది.

అయితే చాలామంది ఈ పుస్తకాన్ని ‘డబ్బున్నవాళ్ళ మీద సెటైర్’ అని అక్కడితో ఆపేస్తారు. నాకు అసలు దెబ్బ తగిలింది నాలుగో అధ్యాయంలో ప్రింటింగ్ ప్రెస్ పనివాళ్ళ దగ్గర. వాళ్ళు ఊళ్ళు మారుతూ పనిచేసేవాళ్ళు. ఎక్కడికెళ్ళినా కొత్త ముఖాలే. అందుకే సాయంత్రం బార్‌లో ‘ఈ రౌండ్ నాది’ అని అందరికీ తాగించేవాళ్ళు. అందరూ దాన్ని తాగుబోతుతనం అంటుంటే వెబ్లెన్ ఒప్పుకోడు. పల్లెలో మీ తాత ఎవరో, మీ పొలం ఎంతో అందరికీ తెలుసు. పట్నంలో పక్కవాడికి మీ గురించి తెలిసేది మీ ఒంటి మీద బట్టలు, మీరు పెట్టే ఖర్చు, అంతే. పేదవాడు కూడా కడుపు మాడ్చుకుంటాడు గానీ ఈ ఖర్చు పూర్తిగా మానుకోడు అంటాడు. అంటే ఇది బుద్ధిలేక చేసే ఖర్చు కాదు. నలుగురిలో మనిషిగా లెక్కలోకి రావడానికి కట్టే పన్ను లాంటిది. మొదటి జీతం రాగానే ఈఎంఐలో ఖరీదైన ఫోన్ కొన్న కుర్రాడికి పొదుపు మీద క్లాసు పీకేవాళ్ళు ఆ అధ్యాయం చదవాలి.

యూట్యూబ్‌లో ‘వెబ్లెన్ గూడ్స్’ అని, ధర పెరిగితే డిమాండ్ కూడా పెరిగే వస్తువులని వినే ఉంటారు. దాన్ని వెబ్లెన్ పేరుతో ఎకనామిక్స్‌లో ఒక లెక్కగా నిలబెట్టింది 1950లో లైబెన్‌స్టైన్ అనే ఎకనామిస్ట్ రాసిన వ్యాసం. పుస్తకం అంతకంటే చాలా పెద్ద మాట చెబుతుంది.

ఇక నాకు నచ్చనివి. ఆదిమ దశ, అనాగరిక దశ, జాతి లక్షణాలు అంటూ చెప్పే చరిత్ర ఈరోజు నిలబడదు. కొన్నిచోట్ల చదవడానికే ఇబ్బందిగా ఉంటుంది. వాక్యాలు కూడా మహా పొడుగు, మొదలు ఎక్కడో మర్చిపోయాక చివర వస్తుంది. ఇంకో పెద్ద పేచీ ఉంది. ఉత్తర అమెరికా తెగలవాళ్ళు ఇచ్చే పాట్‌లాచ్ విందునీ, ధనవంతుల డ్యాన్స్ పార్టీనీ ఒకే గాటన కట్టేస్తాడు. ఊరందరికీ కడుపునిండా పెట్టడంలో గొప్ప చూపించుకోవడం ఉండొచ్చు, కాదనను. కానీ అందులో బంధం లేదా, బాకీ తీర్చుకోవడం లేదా? ఆ విస్తరి ముందు కూర్చున్నవాడి వైపు నుంచి ఆయన చూడడు.

కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది కాబట్టి ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొదటి పేజీ నుంచి మొదలుపెడితే మధ్యలో వదిలేస్తారు. 4, 6, 7 అధ్యాయాలు ముందు చదవండి, నచ్చితే వెనక్కి రండి. యూనివర్సిటీ చదువుల్ని ఉతికేసే చివరి అధ్యాయం, అంటే 14, మాత్రం వదలొద్దు. గౌన్లు, టోపీలు, పట్టాలిచ్చే వేడుకలు ఏవీ వదల్లేదు, తను అక్కడే జీతం తీసుకుంటూ రాశాడు మరి. నా రేటింగ్ ఐదుకి నాలుగు. పోయిన ఆ ఒక్కటీ జాతుల గోలకి.