గాలం వేయడానికి ఏ సీజన్ మంచిది? కృష్ణ ఒడ్డున నిలబడి చెప్తున్నా

(షాట్: సీతానగరం వైపు ఒడ్డు, వెనకాల ప్రకాశం బ్యారేజీ)

అందరికీ నమస్కారం. "అన్నా, గాలం వేయడానికి ఎప్పుడు రమ్మంటావ్?" అని మెసేజ్‌లు పెడుతున్నారు కదా, ఒక్క ముక్కలో అయితే నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా. కాకపోతే నెల చూసుకుని వచ్చేస్తే సరిపోదు, నీళ్లు చూడాలి.

వరద రోజుల సంగతి ముందు చెప్తా. పైన శ్రీశైలం, సాగర్, పులిచింతల నిండి వదిలారంటే ఆ నీళ్లన్నీ ఈ 70 గేట్ల మీదుగానే పోవాలి. ఇక్కడ 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకి రెండోది. 2024 సెప్టెంబరు మొదట్లో ఏకంగా 11 లక్షలు దాటింది, పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. అలాంటప్పుడు ఒడ్డుకి రావడమే తప్పు, గాలం సంగతి తర్వాత. పైగా బొచ్చె, శీలావతి, మోసు చేపలు గుడ్లు పెట్టేది వానాకాలంలోనే, అప్పుడు వాటి జోలికి పోకపోతే మంచిది.

వరద తీసింది కదా అని ఓసారి తొందరపడి వచ్చా. నీళ్లింకా ఎర్రగానే ఉన్నాయి, గుర్రపుడెక్కలో చిక్కుకుని మూడు గాలాలు తెగిపోయాయి. పక్కనున్న బాబాయ్ నవ్వి, "ఈ బురదలో వానపాము గుచ్చి జెల్ల చేపలకి వేసుకో అబ్బాయ్, అవి మీసాలతో వెతుక్కుంటాయి. శీలావతి కావాలంటే మోకాలి లోతులో నీ కాలి వేళ్లు కనపడే రోజు రా" అన్నాడు. అప్పట్నుంచి నాకు అదే లెక్క.

(క్లోజప్: అరచేతిలో పిండిముద్ద)

చలికాలంలో మాత్రం తెల్లారకుండానే వచ్చి వణకక్కర్లేదు, చేప ఒంటి వేడి చుట్టూ ఉన్న నీళ్లని బట్టే ఉంటుంది కాబట్టి చల్లగా ఉన్నంతసేపు దానికి ఆకలి తక్కువ, ఎండెక్కి ఎనిమిదో తొమ్మిదో అయ్యాక చూడండి. తౌడు, వేరుశనగ చెక్క దోరగా వేయించి మైదాతో ముద్ద చేస్తా, గాలానికి పెట్టేది శనగగింజంత చాలు. దారానికి కట్టి నీళ్ల మీద తేల్చిన బెండు టిక్కు టిక్కుమని ఆడుతుంటే పరిగెలు, అంటే చిన్న చేపలు, పొడుస్తున్నాయన్నమాట, లాగొద్దు. కాస్త వణికి, నిదానంగా పక్కకి జరిగి, మునిగిందా... అప్పుడు లాగండి!

ఎండాకాలం నాకు పెద్దగా నచ్చదు. నీళ్లు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, మధ్యాహ్నం చేప మేత ముట్టదు. కాలవలకి నీళ్లు ఆపేశాక బందరు కాలవ మడుగుల్లో పట్టేవాళ్లుంటారు గానీ, దిక్కులేక ఇరుక్కున్న చేపని పట్టడంలో సరదా ఏముంది? కొర్రమీను సంగతి వేరు, అది పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, కాబట్టి గుంటూరు వైపు తామర చెరువుల్లో తెల్లవారుజామున కప్ప బొమ్మతో ప్రయత్నించొచ్చు. చెరువుని వేలంపాటలో తీసుకున్నవాళ్లని అడిగే దిగండి. వానాకాలంలో నీటిపైన ఎర్రటి పిల్లల గుంపు కనపడిందంటే కింద తల్లిదండ్రులు కాపలా ఉన్నట్టే, ఏది వేసినా కోపంతో మీద పడతాయి. పట్టడం తేలికే. వాటిని పట్టేస్తే పిల్లలన్నీ వేరే చేపల నోట్లోకే, అందుకే నేను వెయ్యను.

(షాట్: నీళ్లలో కాళ్లు)

ఇదిగో, మోకాలి లోతు. బొటనవేలు కనపడుతోంది, గోరుతో సహా. ముద్ద కలుపుతున్నా, ఉండండి.