ఉప్పునీళ్ల ముచ్చట: రాయి ఎపిసోడ్

రమ్య: నమస్తే, ఉప్పునీళ్ల ముచ్చటకు రాండ్రి. కొత్తగా రీఫ్ ట్యాంక్, అంటే ఇంట్ల పగడాలు పెంచే ఉప్పునీళ్ల అక్వేరియం, పెట్టేటోళ్లు ఏ రాయి తీసుకోవాలె, సముద్రపు జీవాలతోని వచ్చే లైవ్ రాకా, ఏ జీవం లేని ఎండు డ్రై రాకా...

శ్రీకాంత్: తాండూరు బండ.

రమ్య: అన్నా, మ్యూజిక్ గూడ ఆగలే ఇంకా.

శ్రీకాంత్: తప్పేముంది? సున్నపురాయే గదా. సిటీల ఎన్ని ఇండ్లల్ల కింద అదే పరిచిన్రు. బాత్రూమ్ యాసిడ్ ఒక్క చుక్క వెయ్యి, బుస్సుమని నురగొస్తది. రీఫ్ రాయి గూడ కాల్షియం కార్బొనేటే.

రమ్య: కార్బొనేటే. కానీ రీఫ్ రాయికి లోపల దాకా చిల్లులుంటయి, బ్యాక్టీరియా కాపురం అండ్లనే. చేప వదిలే అమ్మోనియాని నైట్రైట్ చేసి, దాన్ని నైట్రేట్ చేసేది అవే. నీ బండకు అటు ముఖం ఇటు ముఖం తప్ప ఏముంది?

శ్రీకాంత్: పగలగొట్టి పేరుస్త.

రమ్య: పేర్చు. పీహెచ్ పెంచుతది అనుకుంటున్నవేమో, అది కాల్సైట్ అనే ఖనిజం. నీళ్ల పీహెచ్ 8.2 దగ్గరుంటే కరగనే కరగదు. ఊకె కూసుంటది.

శ్రీకాంత్: మా ఆఫీసుల గూడ ఊకె కూసునేటోళ్లున్నరు. జీతం ఇస్తలేమా?

రమ్య: (నవ్వు) సరే. ఒకాయన మెసేజ్ పెట్టిండు, మన హైదరాబాద్ ఖాజాగూడ గుట్టల నుంచి గ్రానైట్ తెచ్చుకోవచ్చా అని.

శ్రీకాంత్: అయ్యా! ఉన్న గుట్టలే మిగుల్తలేవు. 250 కోట్ల ఏండ్ల రాళ్లు అవి. సొసైటీ టు సేవ్ రాక్స్ అని 1996ల పెట్టుకొని, అప్పటిసంది కొట్లాడుతున్నరు పాపం. మేం చిన్నప్పుడు జారుడుబండ ఆడిన గుండు మీద ఇప్పుడు సెల్లార్ పార్కింగ్ ఉంది. ఈయన తెచ్చి చేపలకేస్తడట!

రమ్య: ...అవునన్నా. అది వేరే బాధ.

శ్రీకాంత్: వేరే ఏం కాదు.

రమ్య: గ్రానైట్‌కు చిల్లులు గూడ లేవు, వద్దు. ఇంకోటి, ఇది నవ్వులాట కాదు. లైవ్ రాక్ అని చెప్పి మన సముద్రంల తీసిన పగడపు రాయి ఎవరన్నా అమ్మితే ముట్టకుండ్రి. 1972 వన్యప్రాణి చట్టంల పగడాలు షెడ్యూల్ 1ల ఉన్నయి. పులి ఉన్న షెడ్యూలే.

శ్రీకాంత్: అందుకే తాండూరు...

రమ్య: అందుకే డ్రై రాక్. ఐప్టేసియా అనే కలుపు జీవి రాదు, పురుగు రాదు. బ్యాక్టీరియా పట్టేదాక నెల, నెలన్నర ఆగాలె, అంతే. కొన్ని రాళ్లు ఫాస్ఫేట్ వదుల్తయి, అందుకని ముందు మూతున్న డ్రమ్ముల ఉప్పునీళ్లు పోసి, పంపు పెట్టి నానబెట్టుండ్రి. రాయి ముందు అద్దం మీద కూసోవాలె, ఇసుక తర్వాత. లేకుంటే గోబీ చేప కింద తవ్వుతది, మొత్తం కూలుతది.

శ్రీకాంత్: గోబీయేనా కూల్చింది?

రమ్య: ఆ రొయ్య ముచ్చట ఎత్తకు.

శ్రీకాంత్: నేను రొయ్య అన్ననా?

రమ్య: అన్నా.

శ్రీకాంత్: సరే సరే. వెనక అద్దానికి ఆనించకుండ్రి, నీళ్లు తిరగాలె. నీళ్లంటే, మా బోరు టీడీఎస్, అదే నీళ్లల్ల కరిగిన ఉప్పుల లెక్క, చూసినవా ఈ నెల?

రమ్య: ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లే వాడాలె అని ఎన్నిసార్లు... ఏంది ఆ హారన్?

శ్రీకాంత్: ట్యాంకరు. గేటు తియ్యాలె, ఆగు.