పైథాన్ స్కాన్‌డిర్: తెరిచిన ఫోల్డర్ ఎప్పుడు మూసుకుంటుంది?

తెరపై: పదివేల ఫైళ్లున్న ఫోల్డర్, పక్కన టెర్మినల్.

నమస్తే అండీ. ఈ ఫోల్డర్‌లో సబ్‌ఫోల్డర్లు ఏవో తెలియాలి. చాలామంది పేర్ల లిస్టు ఇచ్చే లిస్ట్‌డిర్ పిలిచి, వచ్చిన ఒక్కో పేరునీ అది ఫోల్డరా కాదా చెప్పే ఈజ్‌డిర్‌కి ఇస్తారు. పని అవుతుంది. కానీ ప్రతి పేరుకీ ఆపరేటింగ్ సిస్టమ్‌ని మళ్లీ అడగాలి కాబట్టి ఇంకో పదివేల సిస్టమ్ కాల్స్ పడతాయి.

పైథాన్ 3.5లో వచ్చిన స్కాన్‌డిర్‌తో ఈ బాధ ఉండదు. లినక్స్‌లో డైరెక్టరీ చదివేటప్పుడే పేరుతోపాటు అది ఫైలా, ఫోల్డరా అన్నది కూడా సాధారణంగా వచ్చేస్తుంది. లిస్ట్‌డిర్ దాన్ని పారేస్తుంది, స్కాన్‌డిర్ డిర్‌ఎంట్రీ అనే ఆబ్జెక్టులో పెట్టి మన చేతికిస్తుంది. సింబాలిక్ లింక్ (ఇంకో ఫైలునో ఫోల్డర్‌నో చూపించే లింక్) అయితే మాత్రం అది దేన్ని చూపిస్తోందో కనుక్కోవడానికి ఒక కాల్ తప్పదు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. స్కాన్‌డిర్ ఇచ్చేది లిస్టు కాదు, తెరిచి ఉన్న డైరెక్టరీ. దాని వెనక ఒక ఫైల్ డిస్క్రిప్టర్, అంటే తెరిచినదానికి ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే నంబరు, ఉంటుంది. లూప్ చివరిదాకా నడిస్తే అదే మూసుకుంటుంది. కావలసిన ఫైలు దొరికిందని మధ్యలో బ్రేక్ కొడితే ఆ హామీ లేదు.

తెరపై: యూలిమిట్ కమాండ్‌తో ఒకేసారి తెరవగల ఫైళ్ల పరిమితిని 64కి తగ్గించి, లూప్‌లో స్కాన్‌డిర్‌లు తెరిచి లిస్టులో దాచడం.

చూడండి, 60 దాటీ దాటగానే ఎర్రర్ 24, టూ మెనీ ఓపెన్ ఫైల్స్. లినక్స్‌లో మామూలుగా ఈ పరిమితి 1024 ఉంటుంది. అందుకే చిన్న స్క్రిప్టులో తప్పు బయటపడదు, రోజుల తరబడి నడిచే సర్వర్‌లో పడుతుంది. పైగా సీపైథాన్‌లో (మనం మామూలుగా వాడే పైథాన్) ఆ స్కాన్‌డిర్ ఆబ్జెక్టుని పట్టుకున్న వేరియబుల్ ఏదీ లేకపోతే వెంటనే అదే మూసేస్తుంది, రిసోర్స్ వార్నింగ్ కూడా ఇస్తుంది. ఆ వార్నింగ్ మామూలుగా కనపడదు. పైథాన్ డెవ్ మోడ్‌లో (-X dev) నడిపితే కనపడుతుంది, ఒకసారి నడిపి చూడండి.

మందు ఒక్కటే: విత్ బ్లాక్‌లో తెరవండి. స్కాన్‌డిర్‌కి ఈ వీలు 3.6 నుంచి ఉంది. బ్రేక్ కొట్టినా, ఎక్సెప్షన్ వచ్చినా మూసుకుంటుంది.

విత్ వాడినా చిక్కొచ్చే చోటు రికర్షన్, అంటే ఫంక్షన్ తననే మళ్లీ పిలుచుకోవడం. బ్లాక్ లోపలినుంచే సబ్‌ఫోల్డర్‌లోకి దిగితే పైవన్నీ తెరిచే ఉంటాయి. 50 మెట్లు దిగితే 50 డిస్క్రిప్టర్లు. సబ్‌ఫోల్డర్ల పాత్‌లు లిస్టులో వేసుకుని, విత్ బయటికొచ్చాక దిగండి. డిర్‌ఎంట్రీలో ఉండే ఈజ్ డిర్‌కి ఫాలో సిమ్‌లింక్స్ ఫాల్స్ ఇవ్వండి. లేకపోతే తన పై ఫోల్డర్‌నే చూపించే లింక్ ఒక్కటున్నా కోడ్ అక్కడక్కడే తిరుగుతుంది.

పేర్లు అక్షరక్రమంలో రావు, కావాలంటే సార్ట్ చేసుకోండి.

తెరపై: పాత లాగ్ ఫైళ్లు తొలగించే కోడ్.

చదువుతూనే తొలగించకండి. స్కాన్‌డిర్ తెరిచాక ఆ ఫోల్డర్‌లో చేరిన, పోయిన ఫైళ్లు కనిపిస్తాయో లేదో పైథాన్ హామీ ఇవ్వదు. ముందు పాత్‌లన్నీ లిస్టులోకి తీసుకోండి, విత్ ముగిశాక ఆ లిస్టు మీద లూప్ వేసి తొలగించండి.