లినక్స్ మన గల్లీలోకి ఎప్పుడొస్తది?

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం, హన్మకొండ, నవంబర్ 2025)

వేదిక మీదున్న పెద్దలకు, ఈ హాలు తలుపులు రోజూ పొద్దున్నే తెరిచే గ్రంథాలయ సిబ్బందికి, పైన రీడింగ్ రూంలో గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదువుకుంటూ నా కోసం కాసేపు కిందికి దిగొచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకోవాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు. అధ్యక్షులవారు ఇచ్చింది ఇరవై నిమిషాలే కాబట్టి పెద్దలు మన్నించాలి.

విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్. మామూలు జనం కంప్యూటర్లలోకి అది వస్తుందా రాదా అన్నది నాకిచ్చిన అంశం. నేను ఇంజనీరును కాను. చౌరస్తా దగ్గర డీటీపీ సెంటర్ నడుపుకునేవాణ్ని. పెళ్లి పత్రికలు, దశదినకర్మ కార్డులు, కరపత్రాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, కవుల పుస్తకాలు... ఈ ఊళ్లో కాగితమెక్కే అక్షరం చాలావరకు మాలాంటి షాపుల మీదుగానే పోతుంది. మామూలు మనిషికి కంప్యూటర్‌తో పడే పనేమిటో, అది ఎక్కడ ఆగిపోతుందో రోజూ చూస్తుంటాను. ఆ ధైర్యంతోనే ఒప్పుకున్నాను.

పోయిన నెల నుంచి షాపుకొచ్చే వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, గీ కంప్యూటర్ ఇంక పనిచెయ్యదట గదా? కొత్తది కొనాల్నా?" పనిచేస్తుంది. జరిగిందేమిటంటే, 2015లో వచ్చిన విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ అక్టోబర్ 14తో మామూలు సపోర్టు ఆపేసింది. ఇంకో ఏడాది పాటు భద్రతా అప్‌డేట్లు కావాలంటే విడిగా నమోదు చేసుకోవాలి. సరే, విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరం నుంచి మొదలు. ఇక్కడ కూర్చున్న పిల్లల్ని అడుగుతున్నాను, మీ బ్యాగుల్లో ఉన్న ల్యాప్‌టాప్‌లు ఏ తరానివి? ఎక్కువగా నాలుగు, ఆరు. హైదరాబాద్‌లో కంపెనీలు లాట్లు లాట్లుగా అమ్మేస్తే మన దగ్గరికి వచ్చినవి. కీబోర్డు బాగుంది, స్క్రీన్ బాగుంది, హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేస్తే పరుగెత్తుతుంది. అటువంటి మిషన్‌ను తూకానికి వేయమంటారా?

వేయొద్దు. దాంట్లో లినక్స్ మింట్ అనే లినక్స్ రకం వేయండి. నాలుగు జీబీ ర్యామ్ ఉంటే అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం హాయిగా నడుస్తుంది. కింద మెనూ ఉంటుంది, ఫోల్డర్లుంటాయి, బ్రౌజర్ ఉంటుంది. నోటిఫికేషన్ చూసుకోవడానికి, హాల్‌టికెట్ తీసుకోవడానికి, యూట్యూబ్‌లో క్లాసులు వినడానికి, లిబ్రె ఆఫీస్‌లో నోట్సు రాసుకోవడానికి ఇంకేం కావాలి?

లినక్స్ చరిత్ర ఎక్కువ చెప్పను. 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. అంతకు ముందే 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్, సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అంటూ గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. ఈ రెండూ కలిసినదే ఇప్పుడు మనం లినక్స్ అంటున్నది. మీ జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నది లినక్స్ కెర్నెలే, అంటే దాని మూల భాగమే. 2017 నవంబర్ నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లన్నీ దాని మీదే నడుస్తున్నాయి. అంత పెద్ద మిషన్లను నడిపేది మన బల్ల మీది డబ్బాను నడపలేదా? నడపగలదు. మరి ఎందుకు రాలేదు?

ఉచితం కాబట్టి జనం తీసుకుంటారని సభల్లో చెప్తుంటారు. మన దగ్గర ఆ మాట పారలేదు. కారణం పచ్చిగానే చెప్తాను. మన గల్లీలో విండోస్ కూడా ఉచితమే! ఎన్నో ఏళ్లు మన షాపుల్లో ఉబుంటు అనే లినక్స్ రకంతోనో, ఉత్త డాస్‌తోనో ల్యాప్‌టాప్‌లు అమ్మారు, ధర తక్కువ పడుతుందని. కొన్నవాడు ఇంటికి పోయేలోపే దారిలో దొంగ విండోస్ వేయించుకునేవాడు. మూడొందలో, ఐదొందలో. ఉబుంటు ఎలా ఉందో తెరిచి చూసినవాడు లేడు. జనం లినక్స్‌ను చూసి వద్దనలేదు. వాళ్ల ముందుకు అది రానేలేదు. కంప్యూటర్ కొనేవాడు ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎంచుకోడు. డబ్బాలో ఏది ఉంటే అది, షాపువాడు ఏది వేస్తే అది.

రెండో సంగతి, పని. ఎనుమాముల మార్కెట్‌కు పోండి. మిర్చి, పత్తి సీజన్‌లో అడ్తి దుకాణంలో లెక్కలు ట్యాలీలో ఉంటాయి. ట్యాలీ విండోస్‌దే. జీఎస్టీ వాళ్ల ఆఫ్‌లైన్ టూల్ విండోస్‌దే. సగం ఆఫీసుల్లో కనబడే కెనాన్ 2900 ప్రింటర్‌కు లినక్స్‌లో డ్రైవర్ ఎక్కించడం తెలిసినవాడికే తలనొప్పి. ఆ గుమాస్తా దగ్గరికి పోయి స్వేచ్ఛ గురించి చెప్తే ఏమంటాడు? "సార్, ముందు బిల్లు ప్రింట్ తియ్యి" అంటాడు. ఆయన మాట న్యాయం. అందుకే ట్యాలీ నడిచే మిషన్‌ను కదిలించమని నేను ఎవరికీ చెప్పను. ఇంట్లో ఉన్నది, చదువుకునే పిల్లలది, గ్రంథాలయంలో ఉన్నది, ముందు ఇవి.

మూడోది మా డీటీపీ వాళ్ల సంగతి. దీని గురించి రెండు ముక్కలే చెప్దామని రాసుకొచ్చాను. కానీ వరసలో ముందు కూర్చున్న ఒకమ్మను చూశాక రెండు ముక్కలతో ఆపలేను. పేరు చెప్పను, ఆమెకు ఇష్టం ఉండకపోవచ్చు.

వాళ్ల నాన్న పరకాల వైపు బళ్లో తెలుగు సారు. పదవీ విరమణ తర్వాత ఊరూరా తిరిగి బతుకమ్మ పాటలు సేకరించాడు. పుస్తకాల్లో వచ్చే పాటలు కావు. ఆ ఊళ్లో మాత్రమే పాడేవి, పత్తి చేలల్లో పాడేవి, అత్తగారింటి మీద కోపంతో కట్టుకున్నవి. ముసలమ్మల దగ్గర కూర్చొని నోట్‌బుక్కుల్లో రాసుకున్నాడు. ఏ మాటను ఎట్లా పలికితే అట్లా! "చెయ్యి వెట్టకు బిడ్డా, దిద్దకు, ఆమె అన్నట్టే కొట్టు" అని నా పక్కన స్టూలు వేసుకొని కూర్చునేవాడు. మొత్తం టైపు చేశాం. అచ్చుకు డబ్బులు చాలక సగం పాటలే పుస్తకంలో వేశాడు. మిగతావి రెండో భాగానికని ఫైల్లో ఉంచాం, సీడీ రాసి ఆయనకూ ఇచ్చాం. 2020 ఆగస్టులో వరంగల్ మునిగినప్పుడు వాళ్లింట్లోకి నీళ్లొచ్చి నోట్‌బుక్కులు పోయాయి. తర్వాత కొన్నాళ్లకు సారూ పోయాడు.

కూతురు సీడీ పట్టుకొని వచ్చింది. సీడీ బాగానే చదివింది. ఫైల్ తెరుచుకోలేదు. ఆనాటి పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో ఎక్కదు. పాత మిషన్ ఒకటి వెతికి తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, కొక్కేలు, డాలరు గుర్తులు. ఫాంటు కావాలి. ఆ ఫాంటు సాఫ్ట్‌వేర్‌కు వెనకాల ప్రింటర్ పోర్టుకు తగిలించే లాక్ ఒకటి ఉండేది, అది ఎప్పుడో కాలిపోయింది. అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే పాతదానికి సపోర్టు లేదు, కొత్త వెర్షన్ కొనుక్కోండి అన్నారు. కొన్నాం. కొత్తదాంట్లో అక్షరాల స్థానాలు మారాయి. వత్తులు ఒకచోట, గుణింతాలు ఒకచోట.

పాత ఫాంటు అక్షరాలను కొత్త పద్ధతిలోకి మార్చే కన్వర్టర్లున్నాయి కదా అని ఇంజనీరు తమ్ముళ్లు అంటారు. వేశాం. పుస్తకంలో ఉన్న పాటల్లో తప్పులను అచ్చు పెట్టుకొని దిద్దుకున్నాం. అచ్చు కాని పాటలను దేన్ని చూసి దిద్దాలి? మామూలు తెలుగైతే ఊహించొచ్చు. అవి ఆ ముసలమ్మల మాటలు. నిఘంటువులో లేవు. పాడినవాళ్లలో ఎక్కువమంది లేరు. దిద్దితే మన సొంత మాట అవుతుంది గానీ వాళ్ల మాట కాదు. సారు దిద్దొద్దని చెప్పిందే అది.

అయ్యా, డబ్బులు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌లో, మన చేతులతో కొట్టిన మన అమ్మల పాటలను మనం చదువుకోలేకపోయాం. దీనికి ఎవరిని అడగాలి?

దీనికీ లినక్స్‌కూ ఏం సంబంధం అంటారు. చెప్తాను. ఆ పాత ఫాంట్లలో తెలుగు అక్షరం అక్షరంగా దాచబడదు. ఇంగ్లిష్ అక్షరాల చోట్లలో తెలుగు బొమ్మ ముక్కలు పెడతారు. ఫాంటు తీసేస్తే తెలుగు మాయం. యూనికోడ్‌లో అట్లా కాదు. ప్రతి తెలుగు అక్షరానికి సొంత నంబరు ఉంది. 'క' అంటే 0సీ15. ఏ కంప్యూటరైనా, ఏ ఫోనైనా, ఏ ఫాంటైనా అది 'క'నే. యూనికోడ్ విండోస్‌లోనూ ఉంది, ఎక్స్‌పీ కాలం నుంచీ గౌతమి ఫాంటు చూస్తున్నాం. కానీ మా డీటీపీ లోకం ఇంకా ఆ పాత ఫాంట్లనూ, ఎప్పుడో 2001లో చివరి వెర్షన్ వచ్చిన పేజ్‌మేకర్‌నూ పట్టుకొనే ఉంది. అవి విండోస్‌లోనే నడుస్తాయి. అందుకని మా షాపుల్లో విండోస్ కదలదు. మా షాపు మారకపోతే మా దగ్గరికొచ్చే ఆఫీసు, కవి, పెళ్లివారు ఎవరూ మారరు. ముడి ఇక్కడుంది. డీటీపీ షాపు యూనికోడ్‌కు వస్తే చాలు, లినక్స్‌కు సగం దారి అయిపోయినట్టే. అక్కడ తెలుగు టైపు చేయడానికి ఐబస్ అనే సాధనం ఉంది, దాంట్లో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ కీబోర్డు పద్ధతులున్నాయి, మన ఆపరేటర్ల వేళ్లకు అలవాటైన ఆపిల్ లేఅవుటూ ఉంది. పేజీలు కట్టడానికి స్క్రైబస్ ఉంది. దాని 1.6 వెర్షన్ 2024 జనవరిలో వచ్చింది, మన లిపులు అందులో సరిగ్గా కూర్చుంటున్నాయి. తిరుమల కృష్ణ దేశికాచారి గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు ఉచితంగా లినక్స్ ప్యాకేజీల్లోనే దొరుకుతాయి. పోతన మన బమ్మెరవాడు. రాజుకు అంకితమివ్వనన్న కవి పేరు పెట్టుకున్న ఫాంటు మన వరంగల్ షాపుల్లోనే లేదంటే నాకు బాధగా ఉంటుంది.

టైమైందని చీటీ వచ్చింది. సరే, జర్మనీలో మ్యూనిక్ నగరం కథ వివరంగా చెప్దామనుకున్నాను, ఒక్క మాటతో సరిపెడతాను. 2003లో లినక్స్‌కు మారాలని తీర్మానించి సుమారు 15 వేల కంప్యూటర్లను మార్చారు, 2017లో మళ్లీ విండోస్‌కే పోదామని ఓటేశారు. పై నుంచి వచ్చిన నిర్ణయం పై నుంచే పోతుంది. కేరళను చూడండి. బడిలో ఐటీ పాఠమే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద చెప్పారు, టీచర్లకు శిక్షణ ఇచ్చారు. అక్కడి పిల్లవాడు మొదట ముట్టుకునేది గ్నూ లినక్స్‌నే. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థవాళ్లు తెలుగు డెస్క్‌టాప్ మీద ఏళ్లుగా పనిచేస్తున్నారు. మనకు లోటు ఏమిటంటే, పాడైతే బాగుచేసేవాడు పక్క షాపులో లేడు. మా వీధిలో విండోస్ తెలిసిన పిల్లలు చాలామంది ఉన్నారు, లినక్స్ తెలిసినవాడు ఒక్కడూ లేడు. వైఫై రాకపోతే, ప్రింటర్ కదలకపోతే ఎవరి దగ్గరికి పోవాలో తెలియని వస్తువును ఏ ఇల్లాలైనా ఇంట్లో ఎందుకు పెట్టుకుంటుంది?

1904లో ఇదే హన్మకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టినప్పుడు పై నుంచి ఉత్తర్వు ఏదీ రాలేదు. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకోవాలంటే మనమే చోటు చేసుకోవాలని నలుగురు కూర్చున్నారు, అంతే. కాబట్టి గ్రంథాలయం వాళ్లను అడుగుతున్నాను. మీ దగ్గర మూలన పడేసిన కంప్యూటర్లను మాకు ఒక్క ఆదివారం అప్పగించండి. ఎన్‌ఐటీ నుంచి వచ్చిన పిల్లలు వెనకాల నిలబడి ఉన్నారు, మీకు లినక్స్ ల్యాబుల్లో రోజూ అలవాటే. నెలకో ఆదివారం క్యాంపస్ దాటి రండి. రిపేర్ షాపుల తమ్ముళ్లూ, మీరు ఊరికే చేయొద్దు. విండోస్ వేస్తే ఎంత తీసుకుంటారో లినక్స్ వేసినా అంతే తీసుకోండి. పైసలు వస్తేనే అది మన వీధిలో నిలబడుతుంది.

డీటీపీ మిత్రులారా, పాత ఫైళ్లను ఇప్పుడే యూనికోడ్‌లోకి మార్చండి. రాసిన మనిషి బతికున్నప్పుడే మార్చి ఆయన చేత చదివించి దిద్దించుకోండి. ఒక కాపీ లిబ్రె ఆఫీస్ వాడే ఓడీటీ ఫైల్‌గా ఈ గ్రంథాలయానికి ఇవ్వండి. 2006 నుంచి అంతర్జాతీయ ప్రమాణం అది, ఏ కంపెనీ తాళమూ లేదు దానికి.

వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు ఇదే హాల్లో కలుద్దాం. మిషన్ తెచ్చుకునేవాళ్లు చార్జర్ మర్చిపోవద్దు. మీ ఫొటోలు, సర్టిఫికెట్లు ముందే వేరే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకొని రండి, లినక్స్ ఎక్కించేటప్పుడు డిస్క్ తుడిచేయాల్సి రావచ్చు. ఎనిమిది జీబీ ఖాళీ పెన్‌డ్రైవ్ ఇంకోటి ఉంటే మంచిది. ఇంట్లో ఎవరి దగ్గరైనా సారు సేకరించిన పాటలు తెలిసిన నానమ్మలుంటే, పరకాల, రేగొండ, శాయంపేట వైపు వాళ్లైతే మరీ, వాళ్లను కూడా తీసుకురండి. రికార్డు చేసుకోవడానికి మైకు నేను తెస్తాను.